శరణు కేసులో దేశ పరిస్థితుల నిపుణుడిగా రిపోర్టు రాయమన్నారు, ఎలా రాయాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒక మత మైనారిటీ మీద ఎనిమిదేళ్లుగా పరిశోధన చేస్తున్న లెక్చరర్‌కు వేరే దేశం నుంచి ఒక లాయరు మెయిల్ పంపారు. ఆ మతానికి చెందిన ఒకాయన అక్కడ శరణు కోరారు, అధికారులు తిరస్కరించారు, అప్పీలు నడుస్తోంది. ‘మా క్లయింటు వెనక్కి వెళ్తే ప్రాణాలకు ముప్పని మూడు వారాల్లో ఒక రిపోర్టు రాసివ్వండి’ అన్నది కోరిక. ఇంతకుముందు ఇలాంటిది రాయలేదు, ఏం రాయాలి, ఎంత రాయాలి, ఎక్కడ దెబ్బతింటాం అని అడుగుతున్నారు.

ఆ మెయిల్లో ప్రశ్నే లేదు. జవాబు వాళ్లే రాసేసి మీ సంతకం అడుగుతున్నారు. లాయరును తప్పుపట్టడానికి లేదు, క్లయింటు తరఫున నిలబడటమే ఆయన పని. మీ పని అది కాదన్న సంగతి మాత్రం మొదటి ఉత్తరంలోనే తేలిపోవాలి. ఇంగ్లండ్ పద్ధతిలోనైతే నిపుణుడు తనకు అందిన సూచనల సారాంశాన్ని రిపోర్టులోనే చెప్పాలి. అవతలి లాయరు ముందుగా వెతికే పేరాల్లో అదొకటి. ‘ముప్పు ఉందని చెప్పమన్నారు, చెప్పారు’ అన్న వాసన అక్కడ తగిలిందంటే వెనకున్న ఇరవై పేజీలూ నీళ్లపాలే.

కాబట్టి ముందు రాతపూర్వకంగా ఇన్‌స్ట్రక్షన్ లెటర్ (మీరు ఏ ప్రశ్నలకు జవాబివ్వాలో చెప్పే ఉత్తరం) అడగండి. దానితోపాటు తిరస్కరణ ఉత్తర్వు, అధికారులు చేసిన ఇంటర్వ్యూ ప్రతి (సారాంశం పనికిరాదు, ప్రశ్న-జవాబుల పూర్తి పాఠం కావాలి), క్లయింటు వాంగ్మూలం, కింది స్థాయిలో తీర్పు వచ్చి ఉంటే అది, ఆయన ఇచ్చిన పత్రాల స్కాన్లు పంపమనండి. విచారణ తేదీ ఎప్పుడు, మీరు స్వయంగానో వీడియోలోనో హాజరు కావాలా, ఫీజు ఎంత అన్నవి కూడా అందులోనే రావాలి. కేసు గెలిస్తేనే ఫీజు, గెలిస్తే ఎక్కువ ఫీజు అనే ఏర్పాటుకు ఒప్పుకోవద్దు. గెలుపులో మీకు డబ్బు వాటా ఉందని తేలిన క్షణంలో మీ స్వతంత్రత పోతుంది.

ఆ కాగితాలు అందాక చాలామంది ముందు వాంగ్మూలం చదువుతారు. నా సలహా వేరు. ముందు తిరస్కరణ ఉత్తర్వు తీసుకుని అందులో దేశ పరిస్థితుల గురించి చేసిన ప్రతి వాదానికీ పేరా నంబరుతో ఒక చీటీ రాసుకోండి. ‘31వ పేరా: పోలీసులు రక్షణ ఇస్తారు.’ ‘34: రాజధానికి వెళ్లి బతకవచ్చు.’ ‘38: తన మతం గురించి ప్రాథమిక ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోయాడు.’ ఆ చీటీలే మీ సిలబస్. వాటి మీద మీకు తెలిసినదాన్ని, ఆధారాలతో సహా, క్లయింటు కథ చదవకముందే నోట్స్‌గా రాసి పెట్టుకోండి. కథ ముందే చదివితే దానికి సరిపోయే ఆధారాలే కంటికి కనిపిస్తాయి, సరిపోనివి జారిపోతాయి. మనసు చేసే ఈ మోసాన్ని పరిశోధకులు మిగతా వాళ్లకంటే బాగా ఎరుగుదురు, అయినా పడతారు.

తర్వాత లాయరుకు ప్రశ్నలు తిరగరాసి పంపండి. ‘క్లయింటు నిజం చెబుతున్నాడా?’ అన్నది మీరు ఎప్పుడూ తీసుకోకూడని ప్రశ్న. నిజమో అబద్ధమో తేల్చేది జడ్జి. మీరు చెప్పగలిగిందల్లా ‘ఆయన చెప్పినది ఆ ప్రాంతం గురించి తెలిసిన విషయాలతో పొసుగుతుందా, పొసగదా, ఎంత మేరకు’ అన్నది. ‘చంపేస్తారా?’ అన్న ప్రశ్నను విడగొట్టాలి: ఈ లక్షణాలున్న మనిషి, ఈ జిల్లాలో, ఈ పని చేస్తే, ఎవరి నుంచి ఏం ఎదురవుతుంది? ఫిర్యాదు చేస్తే పోలీసులు ఏం చేస్తారు? దేశంలో మరోచోట తలదాచుకోవడం వీలవుతుందా? ఇలా ఐదారు ప్రశ్నలు తేలితే రిపోర్టు సగం రాసినట్టే.

చట్టం గురించి మీరు రాయనక్కర్లేదు, తెలిసి ఉండాలి. 1951 శరణార్థి ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం, ఈ ఐదింటిలో ఒక కారణంగా పీడనకు గురవుతానన్న సహేతుకమైన భయంతో దేశం బయట ఉండి, సొంత దేశపు రక్షణ పొందలేని, లేదా ఆ భయం వల్ల కోరుకోలేని మనిషి శరణార్థి. 1951 జనవరి 1కి ముందు జరిగిన ఘటనలకే పరిమితమన్న గీతను 1967 ప్రోటోకాల్ చెరిపేసింది. ఇందులో పరిశోధకులు తడబడేది ‘సహేతుకమైన భయం’ దగ్గర. 1987లో అమెరికా సుప్రీంకోర్టు కార్డోజా-ఫోన్సెకా కేసులో, పదింట ఒక వంతు అవకాశం ఉన్నా భయం సహేతుకమే కావచ్చంది. 1988లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ శివకుమారన్ కేసులో సివిల్ కేసుల్లో అడిగేంత రుజువు (కాదనడానికంటే ఔననడానికే ఎక్కువ అవకాశం) ఇక్కడ అక్కర్లేదని చెప్పింది. 2022 జూన్ 28 నుంచి వేసిన దరఖాస్తులకు బ్రిటన్ దీన్ని రెండు మెట్లు చేసింది: మనిషి ఆ వర్గానికి చెందినవాడేనా, నిజంగా భయపడుతున్నాడా అన్నదానికి సివిల్ కేసు కొలత, వెనక్కి వెళ్తే ఏమవుతుందన్నదానికి పాత తేలిక కొలత.

దీని అర్థం మీ వాక్యాల మీద నేరుగా పడుతుంది. పత్రికలకు వ్యాసాలు రాసే అలవాటుతో ‘దీనికి తగిన ఆధారాలు ఇంకా లేవు’, ‘నిర్ధారించడం కష్టం’ అని రాస్తాం. నూటికి తొంభై అయిదు పాళ్లు రూఢి అయితే తప్ప నోరు విప్పకపోవడం పరిశోధనలో మర్యాద. ఇక్కడ మాత్రం పదింట ఒక వంతు గురించి మాట్లాడుతున్న గదిలో మీ ‘నిర్ధారించలేం’ అన్న మాట ‘ముప్పు లేదు’గా వినిపిస్తుంది. అలాగని ‘కచ్చితంగా చంపుతారు’ అన్నా మునుగుతారు, ఒక్క మినహాయింపు చూపిస్తే మీ మిగతా మాటలన్నీ అనుమానంలో పడతాయి. హింస గుర్తులను పరీక్షించే డాక్టర్లకు ఇస్తాంబుల్ ప్రోటోకాల్ ఒక నిచ్చెన ఇచ్చింది: పొసగదు, పొసుగుతుంది, బాగా పొసుగుతుంది, ఆ రకం హింసలో సాధారణంగా కనిపించేదే, దానివల్ల తప్ప రాదు. దేశ పరిస్థితుల నిపుణులకు అలాంటి ఉమ్మడి నిచ్చెన లేదు. అందుకని మీదే ఒకటి కట్టుకుని మొదటి పేజీలో చెప్పేయండి. ‘అరుదు’ అంటే ఏమిటి, ‘తరచు’ అంటే ఏమిటి, ‘అవకాశం గట్టిగా ఉంది’ అంటే ఏమిటి. తర్వాత చివరిదాకా అవే మాటలు వాడండి. ఐదో పేజీలో ‘తరచు’, తొమ్మిదో పేజీలో అదే విషయానికి ‘అప్పుడప్పుడు’ అని పడితే క్రాస్ ఎగ్జామినేషన్లో అరగంట దానిమీదే నడుస్తుంది.

రిపోర్టు ఎలా కనిపించాలో ఒక ముక్క చూపిస్తాను. పాకిస్తాన్‌లో అహ్మదీలనే మత మైనారిటీకి చెందిన మనిషి కేసు అనుకుందాం. బలహీనమైన వాక్యం ఇలా ఉంటుంది: ‘పాకిస్తాన్‌లో అహ్మదీలను ఘోరంగా అణచివేస్తున్నారు. కాబట్టి క్లయింటు వెనక్కి వెళ్తే ప్రాణాపాయం తప్పదు.’ అందులో అబద్ధం లేకపోవచ్చు. కానీ జడ్జి దాన్ని ఎక్కడా పట్టుకోలేరు. అదే విషయం ఇలా రాయవచ్చు:

‘14. పాకిస్తాన్ 1974లో రాజ్యాంగ రెండో సవరణతో అహ్మదీలను ముస్లిమేతరులుగా ప్రకటించింది. 1984 నాటి 20వ ఆర్డినెన్స్ శిక్షాస్మృతిలో 298-బి, 298-సి సెక్షన్లను చేర్చింది. 298-సి కింద అహ్మదీ తనను ముస్లింనని చెప్పుకున్నా, తన విశ్వాసాన్ని ప్రచారం చేసినా మూడేళ్ల దాకా జైలు, జరిమానా.

15. వాంగ్మూలం 22వ పేరాలో క్లయింటు చెప్పిన పని, అంటే ఇరుగుపొరుగుతో తన విశ్వాసం గురించి మాట్లాడి కరపత్రాలు ఇవ్వడం, ఈ సెక్షన్ మాటల్లోకే వస్తుంది.

16. ఆ జిల్లాలో ఈ సెక్షన్ కింద కేసులు నమోదైనట్టు రెండు నివేదికల్లో చూశాను. రెండింటికీ మూలం ఒకే సముదాయ సంస్థ లెక్క. స్వతంత్రంగా సరిచూసిన లెక్క నాకు దొరకలేదు.

17. పై కారణాల వల్ల, ఆయన ఆ పనిని ఆ జిల్లాలో బహిరంగంగా కొనసాగిస్తే కేసు నమోదయ్యే అవకాశం గట్టిగా ఉందని నా అభిప్రాయం. ఆ మాటకు నా అర్థం 3వ పేరాలో చెప్పాను. ఆయన ఆ పని నిజంగా చేశారా అన్నది నా పరిధి కాదు.’

ఇది నమూనాయే, అసలు కేసు కాదు. గమనించాల్సింది 16వ పేరా. మీ వాదనలోని బలహీనతను మీరే బయటపెట్టారు. అవతలివాళ్లు కనిపెట్టి బయటపెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఇది మంచితనం కోసం చేసేది కాదు. నిపుణుడి బాధ్యతల గురించి ఇంగ్లండ్ కోర్టులు ఇప్పటికీ తలుచుకునే 1993 నాటి ఐకేరియన్ రీఫర్ తీర్పు ఈ మాటే అంటుంది: తన అభిప్రాయాన్ని తగ్గించే వాస్తవాలను నిపుణుడు దాచకూడదు, తన విద్యకు అందని ప్రశ్న వస్తే అందదని చెప్పాలి, అభిప్రాయం మారితే వెంటనే తెలపాలి. తమాషా ఏమిటంటే ఆ కేసుకు శరణార్థులతో సంబంధమే లేదు, కాలిపోయిన ఓడ ఇన్సూరెన్స్ మీద తగాదా అది.

అదే ఉదాహరణలో అసలు చిక్కు ఇంకొకటి ఉంది. తిరస్కరణ ఉత్తర్వుల్లో మళ్లీ మళ్లీ వచ్చే వాదం ఇది: ‘ఆ మతం వాళ్లు లక్షల్లో అక్కడే ఉన్నారు, కేసులు వందల్లో కూడా లేవు, కాబట్టి ముప్పు తక్కువ.’ లెక్కగా చూస్తే సరిగ్గానే కనిపిస్తుంది. మీరు ఇక్కడే పనికొస్తారు. కేసులు తక్కువ ఉండటానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, చట్టాన్ని నిజంగానే ఎవరూ పట్టించుకోవడం లేదు. రెండు, జనం దాక్కుని బతుకుతున్నారు: ప్రార్థనా మందిరానికి బోర్డు పెట్టరు, పలకరింపు మార్చుకుంటారు, ఆఫీసులో మతం మాట ఎత్తరు. రెండో దానిలో తక్కువ కేసులు భద్రతకు గుర్తు కాదు, భయానికి గుర్తు. ఏది నిజమో తేల్చడానికి మీ ఫీల్డ్‌వర్క్‌లో చూసినవి రాయాలి: ఎవరు దేన్ని మానుకున్నారు, ఎప్పటినుంచి, మానుకోనివాళ్లకు ఏమైంది. ఎందుకంటే చట్టం ఇప్పుడు ‘దాచుకుని బతకవచ్చు కదా’ అనే జవాబును తేలిగ్గా ఒప్పుకోదు. 2010లో బ్రిటన్ సుప్రీంకోర్టు హెచ్‌జె (ఇరాన్) కేసులో స్వలింగ సంపర్కుల విషయంలో, 2012 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం సరిగ్గా ఇద్దరు అహ్మదీల విషయంలో, ముప్పు తప్పించుకోవడానికి తమ గుర్తింపునో ఆచరణనో అణచుకోమని అనడం కుదరదన్న దారి వేశాయి. అదే ఏడాది శరణు అప్పీళ్లు వినే బ్రిటన్ ట్రైబ్యునల్ అహ్మదీలపై మార్గదర్శక తీర్పులో (తర్వాతి అలాంటి కేసులకు దారి చూపే తీర్పు), బహిరంగ ఆచరణ ఆ వ్యక్తి మత గుర్తింపుకు ఎంత ముఖ్యమో చూడాలంది. ఎంత ముఖ్యమో చెప్పాల్సింది క్లయింటు. బహిరంగ ఆచరణ అంటే ఆ సముదాయంలో ఏమేం వస్తాయో, ఏది మానితే ఏం పోతుందో చెప్పాల్సింది మీరు.

మైనారిటీ కేసులు బోల్తాపడే ఇంకో మలుపు ‘ఇది వివక్షే, పీడన కాదు’ అన్న వాక్యం. ఉద్యోగం రాలేదు, పిల్లల్ని బడిలో వేరుగా కూర్చోబెట్టారు, దుకాణం మీద రాతలు రాశారు, పోలీసులు ఫిర్యాదు తీసుకోలేదు. విడివిడిగా తూస్తే ఒక్కోటీ తేలిపోతుంది. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 1979లో తెచ్చిన చేతిపుస్తకం 53వ పేరాలోనే ఇలాంటివి కూడి పీడన స్థాయికి చేరవచ్చని ఉంది. మానవ హక్కుల యూరోపియన్ కోర్టు కూడా 2008లో ఒక శ్రీలంక తమిళుడి కేసులో, విడివిడిగా చూస్తే సరిపోని కారణాలు కలిపి చూస్తే సరిపోవచ్చంది. కాబట్టి రిపోర్టులో వీటిని జాబితాగా పరచకండి. ఒకటి ఇంకొకదానికి ఎలా దారితీస్తుందో చూపండి: గుర్తింపు కార్డు లేకపోతే బడి లేదు, బడి లేకపోతే ఉద్యోగం లేదు, చెక్‌పోస్టు దగ్గర కార్డు లేకపోతే నిర్బంధం. మయన్మార్ రోహింగ్యాల విషయంలో వాళ్లను పౌరసత్వానికి దూరం చేసిన 1982 పౌరసత్వ చట్టం దగ్గర మొదలుపెట్టకుండా దేన్నీ వివరించలేరు. పత్రాలు లేకపోవడం అక్కడ అబద్ధానికి సూచన కాదు, ఆ చట్టం ఫలితం. ఇక సముదాయం మొత్తం గురిగా ఉన్నచోట ‘ప్రత్యేకంగా ఈయన్నే ఎందుకు?’ అన్న ప్రశ్నకు బరువు తగ్గుతుంది. సోమాలియా అష్రాఫ్ మైనారిటీకి చెందిన సలా షేఖ్ కేసులో 2007లో యూరోపియన్ కోర్టు, అదనంగా వేరే ప్రత్యేక లక్షణం చూపమని పట్టుబట్టలేదు. మీ సముదాయం పరిస్థితి ఆ స్థాయిదో కాదో మీరు తేల్చి చెప్పాలి. కాకపోతే కాదనే చెప్పాలి.

ఆధారాల విషయంలో ఎక్కువగా జరిగే తప్పు, ఒకే మాటను పదిసార్లు లెక్కపెట్టడం. ఒక స్థానిక సంస్థ ఒక సంఖ్య చెబుతుంది. దాన్ని ఒక విదేశీ ప్రభుత్వ నివేదిక ఎత్తి రాస్తుంది, దాన్ని పత్రిక ఎత్తి రాస్తుంది, పత్రికను ఇంకో నివేదిక ఎత్తి రాస్తుంది. ఫుట్‌నోట్లు నాలుగు, నోరు ఒక్కటే. ప్రతి కీలక వాక్యానికీ మూలం దాకా వెళ్లండి, వెళ్లలేకపోతే ఆ సంగతి రాయండి. తేదీల్లో నివేదిక వెలువడిన రోజు కాకుండా ఘటన జరిగిన రోజు వేయండి. వార్షిక నివేదిక చేతికొచ్చేసరికి అందులోని సంగతులకు ఏడాది దాటి ఉంటుంది. ఆస్ట్రియా రెడ్‌క్రాస్ విభాగం అకార్డ్ నడిపే ఈకాయ్ డాట్ నెట్, యూరోపియన్ యూనియన్ శరణు ఏజెన్సీ దేశ నివేదికలు, శరణార్థి సంస్థ రెఫ్‌వరల్డ్, ఇవి మొదలుపెట్టడానికి మంచి చోట్లు. అక్కడే ఆగిపోతే మాత్రం మీ అవసరం లేదు, లాయరు ఆఫీసులో జూనియర్ ఎవరైనా చేయగలరు. స్థానిక భాషలో వచ్చిన జిల్లా పేజీ వార్త, కోర్టు ఉత్తర్వు, మత సంస్థ సర్క్యులర్, ఇవి తెచ్చి పెట్టగలగడమే మీ విలువ. వాటి అనువాదం జతచేసి, అనువాదం ఎవరు చేశారో రాయండి. లింకులన్నింటినీ ఆర్కైవ్ చేసుకోండి, విచారణ నాటికి సగం చనిపోతాయి.

ఒక నివేదికలో విషయం లేదు కాబట్టి ఘటన జరగలేదనే వాదం తరచు వస్తుంది. అమెరికా విదేశాంగ శాఖ ఏటా ఇచ్చే మానవ హక్కుల నివేదికలను ఎన్నో దేశాల ట్రైబ్యునళ్లు చదువుతాయి. 2024 సంవత్సరానికి సంబంధించి 2025 ఆగస్టులో వచ్చినవాటిని బాగా కుదించారు, కొన్ని అంశాలు మొత్తంగానే తీసేశారు. 2023, 2024 సంవత్సరాల ప్రతులను పక్కపక్కన పెట్టి, మారింది దేశమా, నివేదిక చట్రమా అన్నది ఒక పేరాలో చెప్పడం ఇప్పుడు తప్పనిసరి పని.

మీ చీటీల్లో 38వ పేరా ఒకటి ఉంది కదా, ‘తన మతం గురించి చెప్పలేకపోయాడు’ అని. దీని మీద కాస్త నిలబడతాను, ఎందుకంటే మైనారిటీ కేసుల్లో నిపుణుడు తప్ప ఇంకెవరూ సరిదిద్దలేని తప్పు ఇదే. అధికారి చేతిలో ఇంటర్నెట్ నుంచి తీసిన పదిహేను ప్రశ్నలుంటాయి. సిరియా, లెబనాన్లలో ఉండే డ్రూజ్ మత సముదాయం చూడండి. వాళ్లలో దీక్ష తీసుకున్నవాళ్లు ఉక్కాల్, మిగతావాళ్లు జుహ్హాల్. మత గ్రంథాలు ఉక్కాల్‌కే అందుబాటులో ఉంటాయి. ఒక మామూలు డ్రూజ్ యువకుడు సిద్ధాంతం మీద ప్రశ్నకు బిక్కముఖం వేశాడంటే అది ఆయన జుహ్హాల్ అన్నదానికి సరిపోతుందే తప్ప ఇంకేమీ తేల్చదు. చకచకా చెప్పేస్తే గదా ఆలోచించాలి! కాబట్టి ఇంటర్వ్యూ పాఠంలో ఒక్కో ప్రశ్నా తీసుకుని, ఆ వయసు, ఆ లింగం, ఆ చదువు ఉన్న సభ్యుడికి అది తెలిసే విషయమా, దుబాసీ వాడిన పదం సరైనదేనా అని పట్టికలా రాయండి. రెండు పేజీలు పడుతుంది, చాలాసార్లు రిపోర్టు మొత్తంలో జడ్జికి ఎక్కువ పనికొచ్చేవి ఆ రెండే.

తేదీలు కూడా అంతే. ఇథియోపియా క్యాలెండర్‌లో పదమూడు నెలలు, మన లెక్కకంటే ఏడెనిమిదేళ్లు వెనక. వాళ్ల 2007 మెస్కెరెమ్ 1 అంటే 2014 సెప్టెంబరు 11. గడియారం లెక్క కూడా వేరు, రోజు ఉదయం ఆరింటి నుంచి మొదలవుతుంది. ‘రాత్రి రెండింటికి వచ్చి పట్టుకెళ్లారు’ అంటే మన రాత్రి ఎనిమిది. దుబాసీ ఒకచోట మార్చి, ఇంకోచోట మార్చకుండా వదిలేస్తే ఒకే అరెస్టుకు రెండు కథలు తయారవుతాయి, ఉత్తర్వులో ‘పొంతన లేదు’ అని పడుతుంది. అఫ్గాన్ సౌర హిజ్రీ క్యాలెండర్‌లో 1400వ సంవత్సరం 2021 మార్చి 21న మొదలైంది. దాని చివరి మూడు నెలలు దాదాపుగా 2022లోకి వస్తాయి, ‘1400లో’ అన్న మాటకు 2021 అని రాసేస్తే తప్పిపోయే వీలుంది. ప్రతి తేదీకీ మూల క్యాలెండర్ తేదీ, మార్చిన తేదీ రెండూ పక్కపక్కన వేయండి.

పత్రాల గురించి: ‘ఇది అసలుదే’ అని ఎప్పుడూ రాయకండి. ఆ ఏడాది ఆ కార్యాలయం వాడిన నమూనాతో, ముద్రతో, భాషతో, సెక్షన్ నంబర్లతో పొసుగుతుందా అన్నంతవరకే. మరీ ముఖ్యంగా, సరిచూడ్డానికి క్లయింటు పేరును ఆ దేశంలో ఎవరికీ పంపకండి. పోలీసు స్టేషన్‌కు సరేసరి, నమ్మకమైన విలేఖరి మిత్రుడికి కూడా వద్దు. ఆయన శరణు కోరాడన్న సంగతి ఊళ్లో తెలిస్తే అక్కడున్న కుటుంబం చిక్కుల్లో పడుతుంది, లేని ముప్పును మీరే పుట్టించినవాళ్లవుతారు. మీ పరిశోధనలో మాట్లాడిన మనుషుల పేర్లు కూడా రిపోర్టులోకి రానివ్వకండి, వాళ్లు మీకు సమ్మతి ఇచ్చింది పరిశోధనకు, కోర్టుకు కాదు.

యాస, భాష మీద అడిగితే, మీరు భాషాశాస్త్రజ్ఞులు కాకపోతే తప్పుకోండి. భాష మనిషి ఎక్కడ పెరిగాడో చెప్పగలదు, ఏ దేశ పౌరుడో చెప్పలేదు. 2004లో భాషాశాస్త్రజ్ఞులు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఆ తేడానే పట్టి చూపాయి. 2014లో ఇద్దరు సోమాలియా అర్జీదారుల కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు, భాషా విశ్లేషకులు తమ విద్యకు బయట ఉన్న విషయాలమీద తీర్పులివ్వడాన్ని తప్పుపట్టింది. ఆ చురక మనకూ తగులుతుంది.

‘రాజధానికి వెళ్లి బతకవచ్చు’ అన్న 34వ పేరాకు జనరల్‌గా జవాబివ్వకండి. దారిలో చెక్‌పోస్టులు ఎవరివి, కార్డు మీద పుట్టిన ఊరు లేదా మతం కనిపిస్తుందా, ఇల్లు అద్దెకివ్వడానికి ఓనరు ఏం అడుగుతాడు, అద్దెదారుల వివరాలు పోలీసులకు చేరతాయా, పేరు వినగానే వర్గం తెలిసిపోతుందా, ఒంటరి ఆడమనిషికి ఇల్లు దొరుకుతుందా, ఆయనకు వచ్చిన పని అక్కడ ఉందా, వెతికేవాళ్లకు అంతదూరం చేయి ఉందా. ఒక్కోదానికి రెండు మూడు వాక్యాలు చాలు.

మార్గదర్శక తీర్పులు ఇచ్చే వ్యవస్థ ఉన్న దేశమైతే, మీ అంశం మీద ఇప్పటికే ఒకటి ఉందేమో లాయరును అడగండి. బ్రిటన్‌లో దాన్ని పక్కనపెట్టాలంటే గట్టి కారణాలు, బలమైన సాక్ష్యం కావాలి. కాబట్టి ఆ తీర్పు ఏ తేదీ వరకు సాక్ష్యం విన్నదో చూసి, ఆ తర్వాత ఏం మారిందో దానిమీదే బరువు పెట్టండి. పాత సంగతులను మళ్లీ వాదిస్తే ఎవరూ వినరు.

పొడవు: పదిహేను నుంచి ఇరవై అయిదు పేజీలు, ప్రతి పేరాకు నంబరు. అర్హతలకు ఒక పేజీ, అది కూడా ఈ అంశానికి సంబంధించినవే. ఆ ప్రాంతంలో ఆఖరిసారి ఎప్పుడు ఉన్నారో రాయండి, నాలుగేళ్లయి ఉంటే ఆ నాలుగేళ్ల సంగతి ఎలా తెలుసుకుంటున్నారో కూడా. రెండో పేజీలో ముగింపుల సారం, తర్వాత చూసిన పత్రాల జాబితా, నేపథ్యం (నాలుగు పేజీలు దాటొద్దు, చరిత్ర పాఠం ఎవరికీ అక్కర్లేదు), ప్రశ్నకో విభాగం, పరిమితులు, మూలాలు, ఆ కోర్టు అడిగే డిక్లరేషన్. సోషల్ మీడియాలో ఈ అంశం మీద మీరు చేసిన ఘాటైన పోస్టులు, సంతకం పెట్టిన పిటిషన్లు, ఆ సముదాయంతో మీ సంబంధం, ఇవి ముందే చెప్పేయండి. అవతలివాళ్లు వెతుకుతారు. లాయరు డ్రాఫ్ట్ చూసి స్పష్టత అడగవచ్చు, అభిప్రాయం మార్చమని అడగకూడదు. మెయిళ్లన్నీ దాచుకోండి.

విచారణలో అడిగిందానికే జవాబివ్వండి. ‘అవును, అది నా వాదనకు వ్యతిరేకంగా ఉంది’ అని ఒప్పుకోవాల్సినచోట ఒప్పుకుంటే పోయేదేమీ లేదు. పోయేది, ఒప్పుకోకుండా చుట్టూ తిరిగినప్పుడు. రిపోర్టుకు, విచారణకు మధ్య ఆరు నెలలు దాటితే రెండు పేజీల అనుబంధం రాసివ్వండి.

ఒప్పుకునేముందు మీ గురించి కూడా ఒక్కసారి చూసుకోండి. తీర్పులు బయటికొస్తాయి. క్లయింటు పేరు అక్షరాల చాటున ఉంటుంది, నిపుణుడి పేరు చాలా చోట్ల అలా దాగి ఉండదు. ఆ దేశం మీకు మళ్లీ వీసా ఇవ్వకపోతే మీ పరిశోధన ఏమవుతుంది, అక్కడ మీతో పనిచేసిన వాళ్లకు ఏమవుతుంది అన్నది లాయరు ఆలోచించరు. పేరు గోప్యంగా ఉంచమని ట్రైబ్యునల్‌ను కోరే వీలుందా అని ఇప్పుడే అడగండి, రిపోర్టు దాఖలయ్యాక కాదు.

ఇక ఆ మెయిల్‌కు ఇవాళ పంపాల్సిన జవాబు ఇంతే: ‘మీ ఉత్తరం అందింది. ఈ అంశం నా పరిధిలోదే. నేను కోర్టుకు బాధ్యుడిగా స్వతంత్ర రిపోర్టు ఇవ్వగలను, ముగింపు మీ క్లయింటుకు అనుకూలంగా ఉంటుందని మాట ఇవ్వలేను. తిరస్కరణ ఉత్తర్వు, ఇంటర్వ్యూ పూర్తి పాఠం, వాంగ్మూలం, పత్రాలు పంపండి. అవి చూసి రెండు రోజుల్లో ప్రశ్నల ముసాయిదా పంపుతాను. కాగితాలు అందిన రోజు నుంచి నాకు మూడు వారాలు కావాలి. విచారణ అంతకంటే ముందే ఉంటే వాయిదా కోరడం వీలవుతుందేమో చూడండి.’

దీనికి ఆయన నుంచి ‘సరే’ అని వస్తే మొదలుపెట్టండి. ‘ముందు అనుకూలంగా రాస్తారో లేదో చెప్పండి’ అని వస్తే మర్యాదగా తప్పుకుని, ఆ మెయిల్ కూడా దాచుకోండి.